పండగ రోజులు మినహాయించి

చచ్చిపోయిన మనిషి కోర్టు ఆవరణలో అడుగుపెట్టకూడదని మా నోటీసు బోర్డు ఇంకా హెచ్చరిస్తూనే ఉంది. అద్దం వెనక పసుపెక్కిన కాగితం. పైన 'దళారుల జాబితా' అని పెద్దక్షరాలు. కింద ఒకే ఒక్క పేరు. ఆ పేరు ఇక్కడ రాయను. బతికుండగా ఆవిణ్ణి ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. నర్సీపట్నం చుట్టుపక్కల జనానికీ, కొండ దిగొచ్చే జనానికీ ఆవిడ టైపమ్మ.

మొన్న శుక్రవారం ఆ బోర్డుకి సరిగ్గా ఎదురుగా షామియానా వేశారు. 'న్యాయం మీ ముంగిటికి' అని ఫ్లెక్సీ కట్టారు. న్యాయ సేవల నిబంధనలు మార్చాలనీ, కోర్టుని పేదవాడికి దగ్గర చెయ్యాలనీ పైనుంచి వచ్చిన పెద్దలు గంటన్నర మాట్లాడారు. లాయర్లు కానివాళ్ళకి కూడా తర్ఫీదిచ్చి, కార్డులిచ్చి, చిన్న చిన్న అర్జీలు రాసే పని అప్పగించాలట. మేమంతా చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. కొడుతూ కొడుతూ బోర్డు వైపు చూశాను. టైపమ్మ పోయి అప్పటికి పదకొండు రోజులు.

'మేం' అంటే ఏ లాయర్ల సంఘమో చెప్పను. చెబితే నాకు నోటీసు వస్తుంది. మావాళ్ళు ఇంకే పనికీ కదలకపోయినా నోటీసివ్వడానికి మాత్రం మహా చురుగ్గా కదులుతారు.

కోర్టు గేటు ముందు రోడ్డు దాటితే రేకుల షెడ్డు. ఒకప్పుడు అందులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిచేది. పిల్లలందరూ కంప్యూటర్లకి పోయాక మిషన్లు ఒక్కొక్కటీ పాతసామానుకి వెళ్ళిపోయి, నేను ప్రాక్టీసుకి వచ్చేనాటికి ఒక్క తెలుగు మిషను మిగిలింది. దాని మీద వత్తులు సగం పడేవి కావు. కాగితం తీశాక టైపమ్మ వాటిని నల్ల పెన్నుతో దిద్దేది. మిషను ముందు కూర్చోగానే చేతివేళ్ళ చివర్లు ఒకసారి నోటితో ఊదుకునేది, ఎందుకో నాకు తెలియదు. మార్జిను కోసం రెండు వేళ్ళు అడ్డంగా పెట్టి చూసుకునేది. అంతా అయ్యాక కాగితం వచ్చిన మనిషి వైపు తిప్పి, అక్షరాల కింద వేలు జరుపుతూ పైకి చదివేది. అవతలి మనిషికి అక్షరం ముక్క రాకపోయినా సరే అలాగే చేసేది.

"సదువు రాపోతే ఏటి? నీ కాగితం నువ్వు సూడాల" అనేది.

ఎవరైనా వచ్చి గోడు చెప్పుకోవడం మొదలెడితే ఆవిడ మిషను ముట్టుకునేది కాదు. గోడకేసి చూస్తూ వినేది. అయిపోయాక "మల్లీ సెప్పు" అనేది. రెండోసారి చెబుతున్నంతసేపూ రిబ్బను సర్దుకునేది. మూడోసారికి గానీ వేళ్ళు ఊదుకునేది కాదు. కొత్తలో నేను కాగితాల కోసం వెళ్ళి విసుక్కున్నాను.

"ఇన్నిసార్లెందుకమ్మా?"

"మొదటిసారి ఏడుపొస్తాది బాబూ, రెండోసారి తిట్లొస్తాయి. మూడోసారికి గానీ సంగతి రాదు."

"మేం మొదటిసారికే రాసేస్తాం కదా!"

"అందుకే గదండీ మీ కాగితాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. వాయిదా తప్పినోడికల్లా కామెర్లేనేటి? ఈ ఊర్లో మరింకే జబ్బూ రాదేటి?"

నిజమే. వాయిదాకి రానివాడికి కామెర్లొచ్చాయని ప్రమాణపత్రం రాయడం మాలో ఆనవాయితీ. అది అబద్ధమని రాసేవాడికి తెలుసు, ఎదుటి లాయరుకి తెలుసు, వినేవాళ్ళకీ తెలియకుండా ఉండదు. ఎవరూ అడగరు కాబట్టి అది అలా చెల్లిపోతూ ఉంటుంది. నేను ఆరోజు నవ్వేసి కాగితాలు తీసుకుని వచ్చేశాను.

ఆవిడ దగ్గర నాకు బాగా నచ్చిన పని ఇంకొకటి. ఫైళ్ళు కట్టే తెల్లదారం చుట్ట ఒకటి ఎప్పుడూ పక్కన ఉండేది. వాయిదా ఎన్ని రోజులుంటే ఆ దారానికి అన్ని ముళ్ళు వేసి చదువురాని మనిషి చేతికిచ్చేది. రోజూ పొద్దున్నే ఒక ముడి విప్పాలి. ముళ్ళన్నీ అయిపోయిననాడు కోర్టుకి రావాలి. కొండ మీద ఫోను పలకని ఊళ్ళకి అంతకంటే నమ్మకమైన కబురు లేదు. ముళ్ళు వెయ్యబోయే ముందు మాత్రం ప్రతిసారీ ఒక మాట అడిగేది: "ఈలోగా మీ ఊర్లో పండగలేటైనా ఉన్నాయా?" వాళ్ళేదో చెప్పేవారు, ఆవిడ తలూపి ముళ్ళు వేసేది. ఆ ప్రశ్న నేను వందసార్లు విని ఉంటాను. ఆవిడకి కబుర్లు ఇష్టం కాబోలనుకున్నాను.

కొండవాళ్ళు తెచ్చిన చీపుర్లు షెడ్డు నిండా ఉండేవి. వాటిని తీసుకెళ్ళి కోర్టు ఊడ్చే మనిషికి ఇచ్చేసేది. తర్వాత్తర్వాత మేం ఆవిణ్ణి రావద్దన్న వరండాని ఆ చీపుర్లతోనే ఊడ్చేవారు.

మావాళ్ళకి ఆవిడంటే పడకపోవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పింఛను అర్జీకి, పట్టాదారు పుస్తకంలో తప్పు దిద్దమనే అర్జీకి, మొగుడు కొడుతున్నాడని పెట్టుకునే అర్జీకి జనం మా గుమ్మం ఎక్కడం మానేశారు. రోడ్డుకి ఆ వైపే పని అయిపోతోంది. అసలు దళారులు మాకు తెలియనివాళ్ళా? బస్సు కాంప్లెక్సులో బస్సు దిగుతూనే మాకవరపాలెం రైతు చెయ్యి పట్టుకుని "మా లాయరుగారి దగ్గరికి రా, కేసు మూడు నెలల్లో తేల్చేస్తారు" అని లాక్కొచ్చేవాళ్ళని నేను రోజూ చూస్తాను. వాళ్ళలో ఒక్కడి పేరు కూడా ఆ జాబితాలోకి ఎక్కలేదు. వాళ్ళు తెచ్చేది మా పెద్దల దగ్గరికే మరి. తలుచుకుంటే రోతగా ఉంటుంది.

ఆవిణ్ణి దళారుగా ప్రకటించాలని తీర్మానం చేశారు. నేనప్పుడు సంఘానికి సహాయ కార్యదర్శిని. తీర్మానాన్ని చక్కటి తెలుగులో రాసిపెట్టింది నేనే. 'న్యాయవాద వృత్తి పవిత్రతను కాపాడుట కొరకు' అని మొదలెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. కింద మొదటి వరసలో నా సంతకం ఉంది. చిన్నవాణ్ణి, పెద్దల మాట కాదనలేకపోయాను అని చాలాకాలం చెప్పుకుంటూ వచ్చాను. నాకప్పటికి నలభై రెండేళ్ళు.

విచారణ అని ఒక తంతు జరిగింది. ఆవిడ ఉతికిన నీలంచీర కట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"దళారంటే ఎవరు బాబూ? మనిషిని పట్టుకొచ్చి మీకప్పగించి, మీ దగ్గిర వాటా తీసుకున్నోడు. నేను ఎవుర్నైనా మీకప్పగించానేటి? అప్పగించనందుకే గదా మీ కోపం" అంది.

పెద్దాయన ఒకరు బల్ల మీద కొట్టి, చట్టం తెలియని మనిషి చట్టం కాగితాలు రాయడం నేరమన్నారు.

"అయితే నాకో కార్డియ్యండి. ఏటేటి రాయొచ్చో, ఏటి రాయకూడదో దాని మీదే అచ్చెయ్యండి. తప్పు రాస్తే కార్డు లాక్కోండి, జరిమానా ఎయ్యండి. అలాగే లాయరుగారు తప్పు రాస్తే ఎవుర్ని అడగాలో కూడా జనానికి సెప్పండి."

"రేపు కాంపౌండరొచ్చి ఆపరేషన్ చేస్తానంటాడు" అన్నారు పెద్దాయన. అందరూ నవ్వారు.

"కట్టు కట్టనిస్తారు గదండీ" అంది టైపమ్మ.

నవ్వు ఆగిపోయింది గానీ నిర్ణయం మారలేదు. జాబితా అతికించారు. ఆవిడ కాగితాలు ఏ లాయరు ముట్టుకున్నా చర్య తప్పదని సంఘం ఇంకో మాట కూడా కలిపింది. మొన్న షామియానా కింద పెద్దలు చెప్పిన కార్డు సంగతి ఆవిడ ఆరోజు నిలబడి చెప్పిందే. అప్పుడు నవ్విన పెద్దాయనే మొన్న అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

ఇక చిలకమ్మ సంగతి. రోలుగుంట దాటాక కొండవాలున ఆమెకి జీడిమామిడి తోట ఉంది. తాత నాటిన చెట్లు, అత్త నాటిన చెట్లు, ఆమె నాటినవి. ఆ భూమి తాను కొన్నానని పల్లపువాడొకడు దావా వేశాడు. ఎక్కడ కొన్నాడో, ఎవరి దగ్గర కొన్నాడో ఆమెకి తెలియదు. కాగితం పట్టుకుని షెడ్డుకొస్తే టైపమ్మ దాన్ని చదివి, తాను లోపలికి రాకూడదు గనక ఆమెని నా దగ్గరికి పంపింది. "ఆ బాబు సంతకం ఎట్టీసినాడు గానీ మనిషి పాడవనేదు" అందట. చిలకమ్మే నాకు చెప్పింది.

నేను వకాల్తా తీసుకున్నాను. తీసుకుంటూ ఆమెతో, ఇకమీదట ఆ షెడ్డుకి వెళ్ళొద్దు, వెళితే నాకు ఇబ్బంది అన్నాను. ఆమె సాక్ష్యానికి వాయిదా పడింది. అప్పటికే రెండుసార్లు నేనే గడువడిగాను, ఇది ఆఖరిదని కోర్టులో గట్టిగా చెప్పారు. బయటికొచ్చి, ఇంతకాలం చూస్తున్న పనేగా, మనకి రాదా అనుకుని ఫైలుదారం తీసి నేనే ముళ్ళు వేశాను. పంతొమ్మిది రోజులు, పంతొమ్మిది ముళ్ళు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ రోజు చిలకమ్మ రాలేదు. మధ్యాహ్నం దాకా వరండాలో అటూ ఇటూ తిరిగాను. మూడోసారి పిలిచాక ఆమె లేకుండానే తీర్పయిపోయింది. తోట అవతలివాడిదన్నారు.

నాలుగోనాడు పొద్దున్నే చిలకమ్మ వచ్చింది. తలకి నూనె రాసుకుని, మంచి చీర కట్టుకుని, చేతిలో ఒక్క ముడీ లేని దారం పట్టుకుని నవ్వుతూ వచ్చింది.

"ముళ్ళయిపోనాయి బాబూ, ఒచ్చీసినాను. ఎక్కడ నిలబడమంటావు?"

ఆమెని అక్కడే కూర్చోబెట్టి, దారం తీసుకుని రోడ్డు దాటాను. జాబితా అతికించాక మొదటిసారి ఆ షెడ్డులోకి వెళ్ళాను. టైపమ్మ నా మొహం చూసి, దారం చూసి, ఒకే మాట అడిగింది.

"పండగలు అడిగారా బాబూ?"

అప్పుడు చెప్పింది. కొండవాళ్ళు చైత్రంలో చేసుకునే ఇటుకల పండగ నాలుగు రోజులూ చిలకమ్మ ఊళ్ళో చేతిపని చెయ్యరు. ముడి విప్పడమూ పనే. ఆ రోజుల్లో విప్పరు. అందుకని ఆవిడ పండగ ఎన్ని రోజులో అడిగి అన్ని ముళ్ళు తక్కువ వేసేది. ఎవరూ ఏ పుస్తకంలోనూ రాయని సంగతి. వంద సార్లు నా చెవిన పడి కూడా నాకు ఎక్కని సంగతి.

తీర్పు రద్దు చెయ్యమని పిటిషన్ వెయ్యాలి. ఆవిడ చిలకమ్మని పిలిపించి మూడుసార్లు చెప్పించుకుని, వేళ్ళు ఊదుకుని ప్రమాణపత్రం టైపు చేసింది. 'పండగ నాలుగు రోజులూ మేము చేతిపని చెయ్యము. ముడి విప్పుటయు పనియే. ముళ్ళు వేసినప్పుడు మా లాయరుగారు పండగ ఉన్నదా అని అడగలేదు. అందువల్ల నాలుగు రోజులు ఆలస్యముగా వచ్చాను.' వత్తులు దిద్ది, ఆమె కళ్ళ ముందు వేలు జరుపుతూ చదివి నా చేతికిచ్చింది.

నేను దాన్ని వెయ్యలేదు. ముళ్ళూ పండగలూ అంటే కోర్టులో నవ్వుతారని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం ఆ మూడో వాక్యం. 'మా లాయరుగారు అడగలేదు' అన్న మాట నా సంతకంతో నేనే దాఖలు చెయ్యడం నాకు చేతకాలేదు. అందుకని మా ఆఫీసులో ఎప్పుడూ ఉండే కాగితం తీసి, పేరు మార్చి, చిలకమ్మకి కామెర్లొచ్చాయని రాయించి వేలిముద్ర వేయించాను. ఏం రాశానో ఆమెకి చదివి వినిపించలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తోంది.

ఎప్పుడూ ఎవరూ నవ్వకుండా చెల్లిపోయే అబద్ధం ఆరోజు చెల్లలేదు. అవతలి లాయరు చిలకమ్మని బోనెక్కించి, "నీకు ఆ రోజుల్లో కామెర్లొచ్చాయా?" అన్నాడు. ఆమె నా వైపు చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"నేదు బాబూ. నాకేటైనాదీ? బాగానే ఉన్నాను. పండగ గదా, నాలుగు రోజులూ థింసా ఆడాను."

కోర్టంతా నవ్వింది. అబద్ధపు ప్రమాణంతో వచ్చినవారికి కోర్టు సాయం చెయ్యదంటూ పిటిషన్ కొట్టేశారు. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. అబద్ధం నాది, తోట ఆమెది.

గేటు బయట, లోపలికి రాకుండా సరిగ్గా గీత దగ్గర, టైపమ్మ నిలబడి ఉంది. మేం చెప్పకుండానే తెలుసుకుంది. తిడుతుందేమోనని తల వంచుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పై కోర్టుకి ఎన్నాళ్ళుంది బాబూ?"

"ముప్పై రోజులమ్మా."

దారం తీసింది. "ఈలోగా పండగలేటైనా ఉన్నాయా సిలకమ్మా?" ఆమె ఏదో చెప్పింది. ఆవిడ వేళ్ళ మీద లెక్కేసుకుని ముళ్ళు వేసి ఇచ్చింది. తర్వాత నాతో అంది.

"ఈపాలి నిజం కాగితం ఎట్టండి. మీ పేరు పోతే పోనీండి. మీకు రేపు మరో కేసొస్తాది. ఆయమ్మకి మరో తోట రాదు."

అవే నాతో ఆవిడ ఆఖరి మాటలు. మూడో వారంలో గుండె ఆగి పోయింది. మా సంఘంలో సంతాపం చెప్పలేదు. జాబితాలో ఉన్న మనిషికి చెప్పకూడదట.

మళ్ళీ మొన్నటి షామియానా దగ్గరికొస్తాను. చప్పట్లయ్యాక చూద్దును కదా, ముందు వరసలో చిలకమ్మ! గేటు దగ్గర బిక్కుబిక్కుమంటున్న ఆమెని వలంటీర్లు చెయ్యిపట్టి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. కొండ మనిషి ఫొటోలో బాగుంటుంది కదా. పెద్దలొచ్చి ఆమె చేతికి 'మీ హక్కులు తెలుసుకోండి' అనే పుస్తకం ఇస్తూ కెమెరా వైపు నవ్వారు. ఏమొచ్చావమ్మా అని ఒక్కరూ అడగలేదు. ఆమె పుస్తకాన్ని ఒక చేత్తో, దారాన్ని ఇంకో చేత్తో పట్టుకుని నన్ను చూడగానే లేచింది.

"ముళ్ళయిపోనాయి బాబూ. టైపమ్మేదీ? షెడ్డుకి తాళమేసుంది."

చెప్పాను. ఆమె ఏడవలేదు. దారాన్ని వేలికి చుట్టుకుంది. నేను లెక్క చూసుకున్నాను. అది ఇరవై ఎనిమిదో రోజు. పండగలు తీసేసి, బస్సు తప్పితే ఉంటుందని ఇంకో రెండు రోజులు చేతిలో ఉంచి ముళ్ళు వేసింది ఆ మహాతల్లి.

చిలకమ్మని అక్కడే ఉండమని కోర్టు గుమస్తా దగ్గరికి వెళ్ళాను. బోర్డు మీద టైపమ్మ పేరు తియ్యమని ఆవిడ పోయాక నేనిచ్చిన అర్జీ ఏమైందని అడిగాను.

"తిరిగొచ్చేసిందండి. మీకు సంబంధం లేదట. పేరు తియ్యాలంటే ఆవిడే స్వయంగా లోపలికొచ్చి అర్జీ ఇచ్చుకోవాలండి."

"ఆవిడ చచ్చిపోయింది. బతికున్నప్పుడైనా లోపలికి రాకూడదని కదా మీరు అతికించింది?"

ఆయన బోర్డు వైపు చూసి, "అదీ నిజమేనండి" అన్నాడు. తర్వాత తన కాగితాల్లో పడిపోయాడు. బయట షామియానా కింద ఉప్మా పెడుతున్నారు. పెద్దాయన ఒకరు పొట్లం అందిస్తూ, సభ బాగా జరిగింది కదూ అన్నారు. నేను చిలకమ్మని తీసుకుని గేటు దాటేశాను.

తాళం వేసిన షెడ్డు అరుగు మీద చిలకమ్మా నేనూ కూర్చున్నాం. సంచిలోంచి టైపమ్మ కొట్టిన కాగితం తీశాను. మడతల్లో నల్ల పెన్ను దిద్దుబాట్లు కాస్త చెదిరాయి. వాక్యాల కింద వేలు జరుపుతూ ఆమెకి పైకి చదివాను. 'మా లాయరుగారు పండగ ఉన్నదా అని అడగలేదు' దగ్గర ఆగి, మళ్ళీ చదివాను. కామెర్ల కాగితం రాసింది కూడా నేనేనని నా తరఫున వేరే ప్రమాణపత్రం చేత్తో రాసి సంతకం పెట్టాను. మరుసటి రోజు రెండూ పై కోర్టులో వేశాను. మా సంఘం నా మీద ఏం చేస్తుందో ఇంకా తెలియదు. తోట ఎవరిదవుతుందో కూడా తెలియదు.

పై కోర్టు వాయిదా పడగానే చిలకమ్మకి కబురుపెట్టాను. వచ్చి అదే అరుగు మీద కూర్చుంది. ఇరవై మూడు రోజులు. దారం తీసి, మాట్లాడకుండా లెక్కపెట్టుకుంటూ ఇరవై మూడు ముళ్ళూ వేసి ఆమె చేతికిచ్చాను. ఆమె అందుకోలేదు.

"పండగలు అడగవేటి బాబూ?" అంది.

అడిగాను. రెండు రోజులుందంది. వేసిన ముళ్ళలో రెండు విప్పాను.